కోచ్ కుర్చీలో వాటర్ క్యాన్: మా కాలేజీ యాజమాన్యానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, గవర్నింగ్ బాడీ పెద్దలకి, అలాగే యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు సెక్రటరీ గారికి,

నమస్కారం అండి. నేను మన కాలేజీలో 2009 నుంచి 2012 దాకా బీకాం చదివాను, ఆఖరి ఏడాది మగపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్‌కి కెప్టెన్‌ని. ఇప్పుడు ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం చేసుకుంటున్నా. కాలేజీ పేరు గానీ ఊరి పేరు గానీ ఇందులో రాయట్లేదు, పరువు తియ్యడం నా ఉద్దేశం కాదు, చదివితే ఎవరికి రాశానో మీకే తెలుస్తుంది. మా అక్క కొడుకు కూడా ఇప్పుడు ఆ టీమ్‌లోనే ఆడుతున్నాడు, వాడెవడో కూడా చెప్పను, ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నాయి కదా.

ఇలా నలుగురి ముందు పెట్టాల్సి వచ్చింది ఎందుకంటే మూడుసార్లు అడిగాం. పోయిన ఏడాది జూన్‌లో వినతిపత్రం ఇస్తే ఆఫీసులో స్టాంపు వేసి ఒక కాపీ మాకిచ్చారు, అంతే, మళ్ళీ కబురు లేదు. ఆగస్టులో పాత విద్యార్థుల మీటింగ్‌లో మైకు పట్టుకుని అడిగితే "చూద్దాం బాబూ, అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. డిసెంబర్‌లో పదకొండు మందిమి సంతకాలు పెట్టి మళ్ళీ ఇచ్చాం. ఈసారి స్టాంపు కూడా వెయ్యలేదు.

మేం అడిగింది ఒక్కటే, టీమ్‌కి కోచ్‌ని పెట్టండి అని. ఎంట్రీ ఫారం మీద పేరు కాదు, పొద్దున్నే కోర్టు దగ్గరికి వచ్చే మనిషి.

ఫారం మీద అయితే మనకి కోచింగ్ స్టాఫ్ భేషుగ్గా ఉన్నారు. కోచ్ అని ఒక కెమిస్ట్రీ లెక్చరర్ గారి పేరు, మేనేజర్ అని ఆఫీసు సూపరింటెండెంట్ గారి పేరు. లెక్చరర్ గారిని నేను వెళ్ళి కలిశా, చాలా మంచాయన, "నా పేరు రాసిన సంగతి నాకు టోర్నమెంట్ అయ్యాక తెలిసిందయ్యా" అన్నారు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు. పీడీ సార్‌ని, అంటే మన ఫిజికల్ డైరెక్టర్‌ని కూడా అనను. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, అథ్లెటిక్స్, చెస్, క్యారమ్స్ అన్నీ ఆయన ఒక్కరే, అది కాక పరీక్షల డ్యూటీ, గేటు దగ్గర ఐడీ కార్డుల చెకింగ్, ఆగస్టు పదిహేనుకి జెండా కట్టించడం, ఏ మినిస్టర్ వచ్చినా కుర్చీలు వేయించడం కూడా ఆయనే. ఆయన చదివింది వ్యాయామ విద్య, అదొక చదువు, బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇంకో చదువు, రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే అసలు తేడా కొట్టింది.

ఆ టోర్నమెంట్ సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మీలో ఎవరూ రాలేదు.

ఇంటర్ కాలేజియేట్, క్వార్టర్ ఫైనల్. ఒకరోజు సెలవు పెట్టుకుని వెళ్ళా. ఎదుటి బెంచి దగ్గర ఒక కోచ్, పక్కన అసిస్టెంట్, ఇంకో కుర్రాడు అట్ట మీద పేపర్ పెట్టుకుని ఎవరు ఎన్ని షాట్లు వేశారు, ఎన్ని పోయాయి అని గీతలు గీస్తున్నాడు. మన బెంచిలో మొదటి కుర్చీ కోచ్‌ది. దాని మీద ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పెట్టి ఉంది. పెట్టిన పిల్లాడు ఏదో వెటకారానికి పెట్టలేదండి, అందులో కూర్చునేవాళ్ళు ఎవరూ ఉండరని వాడికి మూడేళ్ళుగా అలవాటు, అంతే.

ఈ ఆట రూల్ ఏంటంటే, టైమౌట్ (మధ్యలో ఆట కాసేపు ఆపించుకోవడం) అడిగే హక్కు కోచ్‌కి, ఫస్ట్ అసిస్టెంట్ కోచ్‌కి మాత్రమే ఉంటుంది. కోచ్ లేని టీమ్‌కి కెప్టెనే కోచ్ పని కూడా చెయ్యాలి. అంటే మన కెప్టెన్, ఇరవై ఏళ్ళ పిల్లాడు, బాల్ తెచ్చేది వాడే, ఎదుటివాడిని ఆపేది వాడే, ఎవరిని దించాలి ఎవరిని ఎక్కించాలి అని చూసుకునేది వాడే, టైమౌట్ కావాలంటే స్కోరర్ టేబుల్ వైపు మొహం పెట్టి అడగాల్సింది కూడా వాడే. సెకండ్ హాఫ్‌లో మూడు టైమౌట్లు ఉంటాయి, కానీ ఆఖరి రెండు నిమిషాల్లోకి వచ్చేసరికి రెండుకి మించి వాడుకోనివ్వరు, మిగిలినది పోయినట్టే. వాడికి ఆ సంగతి తెలీదు. దాచుకుని దాచుకుని ఒకటి పోగొట్టుకున్నాడు. మూడో క్వార్టర్లోనే వాడికి నాలుగు ఫౌల్స్ పడ్డాయి, ఏ కోచ్ అయినా ఆ క్షణమే లాగి కూర్చోబెడతాడు, ఐదోది పడితే ఆట నుంచి బయటే కదా. కానీ వాడిని పిలిచి కూర్చోబెట్టేదెవరు? ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా ఐదోది పడింది. వాడు వచ్చి క్యాన్ కింద పెట్టి ఆ కుర్చీలో కూర్చున్నాడు, రూల్ ప్రకారం అక్కడి నుంచి కోచ్‌గా కొనసాగొచ్చు. అలా మన కెప్టెన్ ఫౌల్ అవుట్ అయ్యాకే మన టీమ్‌కి పూర్తిగా బెంచి మీద కూర్చునే కోచ్ దొరికాడు సార్. అప్పటికి మూడు పాయింట్లు వెనక, మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిది.

ఓడినందుకు బాధ లేదు. మేమూ చాలా ఓడాం. కానీ మా టైమ్‌లో ఓడినా ఎందుకు ఓడామో చెప్పే మనిషి ఉండేవాడు. రైల్వేలో చేసి రిటైర్ అయిన మాస్టారు, పొద్దున ఐదున్నరకి టీవీఎస్ యాభై మీద వచ్చేవారు, కాలేజీ ఇచ్చేది నెలకి మూడు వేలు, అది కూడా రెండు మూడు నెలలకోసారి. జేబులో ఎప్పుడూ సుద్దముక్క. మేం ఎక్కడ తప్పు నిలబడ్డామో ఆ సిమెంటు మీదే ఇంటూ మార్కు కొట్టి, ఎక్కడ నిలబడాలో అక్కడ సున్నా చుట్టి, "ఇందులోంచి కాలు బయటికి వచ్చిందంటే పది రౌండ్లు" అనేవారు. ఆయన పోయాక ఆ మూడు వేలు కూడా మిగిలాయి కాలేజీకి.

కోచ్ లేకపోతే ఏమవుతుంది, ఆటే కదా, చదువు చూసుకోండి అంటారు చాలామంది. ఏమవుతుందో వరసగా చెప్తాను.

1. ఉద్యోగాలు పోతాయి. ఇది అన్నిటికంటే ముందు చెప్పాల్సింది. ఇంటర్ కాలేజియేట్‌లో కనబడితే యూనివర్సిటీ సెలక్షన్స్‌కి పిలుస్తారు, అందులో పన్నెండు మందిలో పడితే సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి వెళ్తాం. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్ ఆడినవాళ్ళు కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా పోస్టులకి అర్హులు, యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ సంతకంతో ఫామ్-3 అని ఒక కాగితం ఇస్తారు. మా నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు. నాకున్న డిగ్రీ మార్కులకి ఎవడూ ఉద్యోగం ఇవ్వడు, నిజం చెప్పాలంటే నేనే ఇవ్వను. ఆ ఒక్క కాగితం వల్ల మా ఇంట్లో మొదటిసారి నెల జీతం వచ్చింది, చెల్లి పెళ్ళి అయింది. ఆ కాగితం వెనక మాస్టారు నన్ను ఆటో ఎక్కించుకుని సెలక్షన్స్‌కి తీసుకెళ్ళిన రోజు ఉంది. పోయిన ఏడాది సెలక్షన్స్ సర్క్యులర్ మీ ఆఫీసు టేబుల్ మీద ఐదు రోజులు పడుంది, పిల్లలకి తెలిసేసరికి తేదీ అయిపోయింది. మనవాళ్ళలో ఇద్దరికైనా ఛాన్స్ ఉండేది. వయసు ఇరవై ఐదు దాటితే ఇంటర్ యూనివర్సిటీ ఆడనివ్వరు, డిగ్రీ మూడేళ్ళలో ఒక ఏడాది పోయిందంటే మళ్ళీ రాదు. ఆ ఇద్దరిలో ఒకడు ఫైనల్ ఇయర్ అయిపోయి ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. తప్పేం లేదు, కష్టపడి తింటున్నాడు, కానీ వాడి దారి మూసింది మాత్రం మన ఆఫీసులో ఒక ఫైలు.

2. మోకాళ్ళు పోతాయి. వార్మప్ చేయించేవాడు లేడు, దూకి కిందకి ఎలా దిగాలో నేర్పేవాడు లేడు, పగుళ్ళిచ్చిన సిమెంటు కోర్టు, అరిగిపోయిన బూట్లు. రెండేళ్ళ కింద ఒక పిల్లాడు రీబౌండ్‌కి, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బాల్ కోసం ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి తిరిగింది. కోర్టు దగ్గర ఐసు ముక్క లేదు. పక్కవాళ్ళు బాగు చేద్దామని పట్టి లాగారు, అమృతాంజనం రాసి మర్దనా చేశారు, రెండో రోజుకి కాలు కుండలా వాచింది. లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్‌కి లక్షా అరవై వేలు, వాళ్ళ నాన్న కౌలు రైతు, గేదెలు అమ్మాడు. కాలేజీ నుంచి ఒక్కళ్ళు చూడ్డానికి వెళ్ళలేదు. వాళ్ళమ్మ నన్ను అడిగిన మాట ఒకటే, "అక్కడ పెద్దవాళ్ళు ఎవరూ లేరా బాబూ?" లేరమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

3. నేర్చుకున్నదే తప్పవుతుంది. ఈ పాయింటు మీలో ఎవరైనా సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చెక్ చేసుకోవచ్చు, ఒక టేపు చాలు. మన కోర్టు మీద త్రీ పాయింట్ గీత, అంటే దాని వెనక నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే గీత, రింగు నుంచి 6.25 మీటర్ల దగ్గర ఉంది. అది పాత కొలత. 2010లో ఫిబా, అంటే ఈ ఆట ప్రపంచ సమాఖ్య, దాన్ని 6.75కి జరిపింది. అప్పుడే రింగు ముందు ఉండే గడిని కూడా మార్చారు, అంతకుముందు కిందకి వచ్చేసరికి వెడల్పయ్యే డబ్బా, ఇప్పుడు తిన్నగా ఉండే దీర్ఘచతురస్రం. మనది ఇంకా పాత డబ్బానే. ఏడాదికోసారి పెయింటర్ వచ్చి పాత గీత మీదే కొత్త రంగు పూసి బిల్లు తీసుకుపోతున్నాడు. మూడేళ్ళు అరమీటరు తక్కువ దూరం నుంచి షాట్లు వేసిన పిల్లాడు బయటి కోర్టులో అసలు గీత వెనక నుంచి వేస్తే అది రింగు ముందు అంచుకి కొట్టుకుని రాలిపోతుంది, వాడేమో "ఈరోజు చెయ్యి బాలేదు మామా" అనుకుంటాడు. చెయ్యి బానే ఉందిరా, గీత బాలేదు. ఇన్నేళ్ళుగా కోర్టు వైపు ఆట తెలిసిన ఒక్క మనిషి కూడా చూడలేదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

4. పెద్ద దిక్కు లేని ప్రయాణాలు. పన్నెండు మంది పిల్లలు, జనరల్ బోగీ, రాత్రి పన్నెండున్నరకి దిగి ఆటోవాడితో గొడవ, ఎవరి ఫోన్లోనో ఛార్జింగ్ ఉంటే దాన్నుంచి హోస్ట్ కాలేజీకి ఫోన్. మేనేజర్ పేరు మీద టీఏ డీఏ మాత్రం రాసి ఉంది, మనిషి ట్రైన్ ఎక్కలేదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందని నేను అడగట్లేదు, మీరే ఒకసారి చూసుకోండి. రేపు ఏదన్నా జరగరానిది జరిగితే మాత్రం ఫారం మీద ఉన్న పేర్లే పోలీసులు చదువుతారు.

5. కోర్టే పోతుంది. ఫ్రెషర్స్ డేకి షామియానా గుంజలు అందులోనే, కార్ల పార్కింగ్ అందులోనే. సాయంత్రాలు పక్క వీధి స్కూలు పిల్లలు వచ్చి చూసేవాళ్ళు, ఇప్పుడు రావట్లేదు.

"ఈ ఆటకి కోచ్ ఎందుకండీ, బాల్ ఇస్తే వాళ్ళే ఆడుకుంటారు" అని గవర్నింగ్ బాడీలో ఒక పెద్దాయన అన్నారట. ఆయన్ని ఎగతాళి చెయ్యను, ఎందుకంటే అచ్చం అలాగే ఆలోచించిన మహానుభావుడు ఇంకొకరు ఉన్నారు, 1891లో ఈ ఆటని కనిపెట్టిన జేమ్స్ నెయిస్మిత్. దీనికి కోచింగ్ ఏంటి, ఊరికే ఆడటమే అనుకునేవాడట. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీకి మొదటి కోచ్ ఆయనే, అక్కడ ఆయన టీములు 55 గెలిచి 60 ఓడాయి. అంత పేరున్న ఆ టీమ్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయన ఒక్కడే, ఆట కనిపెట్టినవాడు! ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు, దీన్ని నేర్పొచ్చు అని పట్టుబట్టి అదే కాన్సాస్‌లో 39 సీజన్లు కోచ్‌గా చేశాడు, బాస్కెట్‌బాల్ కోచింగ్‌కి తండ్రి అని ఆయన్ని అంటారు. ఇప్పుడు అమెరికాలో పైస్థాయి కాలేజీ టీములకి, అదే డివిజన్ వన్ మగవాళ్ళ టీములకి, హెడ్ కోచ్ కాక ఐదుగురు అసిస్టెంట్ కోచ్‌లని పెట్టుకునే వీలుంది, 2023 నుంచి. మన ఊరి పిల్లలే అక్కడ ఎమ్మెస్ చదువుతూ ఆ మ్యాచ్‌లకి వెళ్ళి ఫోటోలు పెడుతుంటారు, మీరూ లైకులు కొడుతుంటారు. అంత అడగట్లేదండి. ఆరుగురు వద్దు, ఒక్కడు చాలు.

డబ్బు లేదు అంటారా. అడ్మిషన్‌లో ప్రతి విద్యార్థి దగ్గర స్పోర్ట్స్ ఫీజు తీసుకుంటున్నారు, రసీదు మీద విడిగా రాసి మరీ. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ రూమ్ బయట అద్దాల బీరువాలో కప్పులన్నీ తుడిపించి పెట్టారు, నేను కళ్ళారా చూశా, అందులో పెద్ద కప్పు మేం 2011లో తెచ్చింది. పక్కన చీటీ మీద సంవత్సరం కనబడకుండా పూలకుండీ పెట్టారు. ఆ కప్పు కింద మాస్టారి పేరు లేదు, అది వేరే బాధ.

ఇక అడుగుతున్నవి:

1. పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసినవాళ్ళు గానీ, యూనివర్సిటీ స్థాయికి తగ్గకుండా ఆడి కోచింగ్ అనుభవం ఉన్నవాళ్ళు గానీ ఒకరిని పార్ట్‌టైమ్ కోచ్‌గా వెయ్యండి. జూన్ నుంచి టోర్నమెంట్ సీజన్ అయ్యేదాకా, వారానికి ఐదు రోజులు, జీతం ఎంతో కాగితం మీద రాసి, నెలనెలా. డిప్లొమా ఉన్నవాళ్ళు దొరకడం లేదంటే ఎన్ఐఎస్‌లోనే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, మా పాత ప్లేయర్లలో ఒక వ్యాయామ టీచర్ వెళ్ళడానికి రెడీ, ఖర్చులో సగం మేం చందాలు వేసుకుంటాం.

2. ఆయనకి అసిస్టెంట్‌గా మేం వస్తాం. వంతులేసుకుని శని ఆదివారాలు, రూపాయి వద్దు. ఇంతకుముందు వస్తే "బయటివాళ్ళకి అనుమతి లేదు" అని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు. వాడి ఉద్యోగం వాడిది, మీరు ఒక పేపర్ మీద పేర్లు రాసి ఇస్తే చాలు.

3. బయటి టోర్నమెంట్‌కి ఫారం మీద ఎవరి పేరుంటే ఆ మనిషి టీమ్‌తో పాటు ట్రైన్ ఎక్కాలి.

4. కోర్టు గీతలు కొత్త కొలతలకి మార్చనివ్వండి. పెయింట్ మాది, పని మాది.

5. కోర్టు దగ్గర ఐస్ బాక్సు, క్రేప్ బ్యాండేజీలు, దగ్గర్లో ఉన్న ఎముకల డాక్టర్ నంబరు. ఆడే పిల్లలకి ప్రమాద బీమా, ప్రీమియం స్పోర్ట్స్ ఫీజులోంచే కట్టండి. మోకాలు పోయిన పిల్లాడి ఆపరేషన్ ఖర్చులో కనీసం సగం ఆ తండ్రికి ఇవ్వండి. ఈ ఒక్కదాని మీద మేం బేరానికి రాం.

6. స్పోర్ట్స్ ఫీజు ఎంత వచ్చింది, ఏ ఆటకి ఎంత పెట్టారు, నోటీసు బోర్డు మీద పెట్టండి. మనది ఎయిడెడ్ కాలేజీ, సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ఎలాగూ ఇవ్వాల్సిందే, అంతదాకా తేవద్దని మా మనవి.

యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు వారికి విడిగా ఒక మాట. సెలక్షన్స్ సర్క్యులర్ కాలేజీ ఆఫీసుకి పంపి ఊరుకోకండి, అదే రోజు టీమ్ కెప్టెన్ల ఫోన్లకి కూడా పంపండి, పైసా ఖర్చు లేదు. మ్యాచ్ రోజు స్కోర్‌షీట్‌లో కోచ్ పేరున్న చోట కెప్టెన్ పేరే ఉందంటే ఆ కాలేజీకి నోటీసు ఇవ్వండి. కోచ్ లేని టీముల ఎంట్రీ మాత్రం ఆపకండి. అలా చెయ్యమని మాలోనే ఒకరిద్దరు అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు, ఎంట్రీ ఆపితే దెబ్బ తగిలేది యాజమాన్యానికి కాదు, మళ్ళీ ఆ పన్నెండు మందికే.

ఈ నెలాఖరులోగా మమ్మల్ని పిలిచి మాట్లాడండి. గుంపుగా రాం, ముగ్గురమే వస్తాం, పీడీ సార్‌ని కూడా కూర్చోబెట్టండి, ఆయన దగ్గర కూడా చెప్పాల్సినవి చాలా ఉన్నాయని నాకు తెలుసు. పిలవకపోతే ఇదే కాగితం, రెండు పాత వినతిపత్రాల కాపీలతో యూనివర్సిటీ రిజిస్ట్రార్ గారికి, కాలేజీ విద్య కమిషనర్ గారికి పంపిస్తాం. మీరు పిలిచినా పిలవకపోయినా వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి టేపు, సుద్దముక్కలు, రెండు డబ్బాల తెల్ల పెయింటు తీసుకుని గేటు దగ్గర ఉంటాం. తాళం తీయించండి.

ఇట్లు,
మగపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్ పాత ప్లేయర్ల తరఫున,
2011-12 కెప్టెన్